పడిగె మీది వీరులు

మంట ఎగదోసి దగ్గరికి జరగండిరా, చలి కమ్ముకొస్తంది. ఇందాక చిన్నమ్మాయి ఫోన్లో ఒక బొమ్మ చూపించి, "తాతయ్యా, ఈ గుర్రమెక్కినాయన ఎవరు?" అనడిగింది. ఆయన సెయింట్ జార్జి. కిరస్తానీల్లో వీరుడు, పునీతుడు. ఈ బొమ్మను 1506 ప్రాంతంలో ఇటలీ దేశపు రఫేలు వేశాడు. జానెడు మీద నాలుగు వేళ్లుండే చెక్క మీద ఎంత కథ చెప్పాడో చూడండి. తెల్లగుర్రం ఎగిరి దూకుతుంటే బల్లెం ఆ రెక్కల రాకాసి మృగంలో దిగింది. వెనకాల రాచపిల్ల మోకరిల్లి దణ్ణం పెడతాంది. చెన్నపట్నంలో తెల్లోళ్లు కోటకు పెట్టుకున్న పేరు ఈయనదే.

ఇట్టాంటి వీరుల బొమ్మలు మన అడవిలోనూ ఉన్నాయి. మా చిన్నాయన మణుగూరు బొగ్గుగనుల్లో పనిచేసే రోజుల్లో నేను పోయొస్తుండేవాణ్ణి. ఓసారి పక్క కోయగూడెంలో వేల్పుల కొలుపు. వేల్పుల కథలు పాడే డోలి కోయలొచ్చారు. ఒకడి మెడలో డోలు, ఇంకొకడి చేతిలో కంచుతాళం. వెదురుగడకు మూడు మూలల గుడ్డ కట్టి నిలబెట్టారు. దాన్నే పడిగె అంటారు. దాని నిండా బొమ్మలే. పెద్దాయన ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి పాడతంటే, చంటిపిల్లల తల్లులు కూడా తెల్లార్లూ కదల్లేదు. కోయల్లో గట్టులంటే వంశాల్లాంటివి, మూడో గట్టు నుంచి ఏడో గట్టు దాకా ఉంటాయి. ఏ గట్టు వేల్పులు ఆ గట్టువే.

సమ్మక్క కథ నేను విన్నది ఆ రాత్రే. కరువొచ్చి పంటలెండితే మేడారం కోయలు కప్పం కట్టలేమన్నారు. కాకతీయ ప్రతాపరుద్రుడి సేన వచ్చిపడింది. పెనిమిటి పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు పోరులో ఒరిగారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచాడు, అదే జంపన్నవాగైంది. సమ్మక్క గాయాలతోనే చిలకలగుట్ట దిక్కు పోయి మాయమైంది. వెతికినవాళ్లకు కుంకుమభరిణె దొరికింది. అందుకే మేడారం గద్దెల మీద విగ్రహం ఉండదు.

జార్జి కథలో మృగం చచ్చి ఊరు బతికింది. మన వేల్పులు యుద్ధంలో పడిపోయినవాళ్లు. అయినా రెండేళ్లకోసారి మాఘమాసంలో లక్షల జనం బెల్లాన్ని బంగారమని మొక్కి మోసుకుపోయేది వాళ్ల దగ్గరికే. గెలిచిన రాజుకు జాతర లేదు. ఆపదలో జనం ముందు నిలబడ్డవాళ్లనే జనం దేవుళ్లను చేసుకుంటారు.

మణుగూరు దగ్గరి కూనవరం సకిని రామచంద్రయ్యకు ఈ కథలు పాడినందుకే 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశాడు. రఫేలు బొమ్మను చూస్తే సగం కథ తెలిసిపోద్ది. పడిగె అట్టా కాదు, పాడే మనిషి లేకపోతే గుడ్డే మిగులుద్ది. చదువుకున్న పిల్లలు మీరు. ఎక్కడన్నా కొలుపు జరిగితే పోండి. పెద్దల్ని అడిగి, వాళ్లు సరేనంటే పాటంతా ఫోన్లో ఎక్కించుకోండి. ఏ బొమ్మ ఎవరిదో పేరు పేరునా రాసిపెట్టండి.