జీవించి ఉన్న సేనానికి శిలాప్రతిమ: కార్ఫూలోని షూలెన్‌బర్గ్ విగ్రహం, హైదరాబాదులోని రేమండ్ స్మారకం – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
1716లో ఒట్టోమాన్ ముట్టడి నుండి కార్ఫూ ద్వీపాన్ని కాపాడిన సేనాని యోహాన్ మత్తియాస్ ఫాన్ డెర్ షూలెన్‌బర్గ్‌కు వెనీసు రాజ్యం ఆయన జీవించి ఉండగానే విగ్రహాన్ని సమర్పించింది. అదే విజయాన్ని ద్వీపవాసులు తమ రక్షక సాధువు మహిమగా నేటికీ స్మరిస్తున్నారు. రాజ్యం నిలిపిన స్మృతికీ, ప్రజలు నిలుపుకొన్న స్మృతికీ గల భేదాన్ని హైదరాబాదులోని రేమండ్ స్మారకంతో పోల్చి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కార్ఫూ, వెనీసు, షూలెన్‌బర్గ్, రేమండ్, విగ్రహం, సామూహిక స్మృతి.

1. ప్రవేశిక:
తెలుగునాట యుద్ధవీరుల స్మరణకు ప్రాచీన రూపం వీరగల్లు. సాధారణంగా పోరులో ప్రాణం విడిచినవానికే ఆ రాయి దక్కుతుంది. మరి గెలిచి, ప్రాణాలతో మిగిలిన సేనానిని గౌరవించే పద్ధతి ఏమిటి? అతడు జీతానికి వచ్చిన విదేశీయుడైనప్పుడు ఆ గౌరవం ఎవరి అవసరాన్ని తీరుస్తుంది? ఈ ప్రశ్నలకు కార్ఫూ విగ్రహం మంచి ఆధారం.

2. ముట్టడి – నేపథ్యం:
ఏడ్రియాటిక్ సముద్ర ముఖద్వారాన ఉన్న కార్ఫూ 1386 నుండి వెనీసు ఏలుబడిలో ఉంది. 1715లో ఒట్టోమాన్ సేనలు గ్రీసు దక్షిణ భాగమైన మోరియాను కొద్ది నెలల్లోనే వశపరచుకున్నాయి. ఇక కార్ఫూ కూడా పోతే వెనీసు నౌకామార్గానికి రక్షణ ఉండదు. ఈ స్థితిలో వెనీసు ప్రభుత్వం షూలెన్‌బర్గ్‌ను కొలువులోకి తీసుకుంది. 1661లో జన్మించిన ఈ జర్మన్ సేనాని అప్పటికే పలువురు రాజుల కొలువుల్లో పనిచేసినవాడు. 1706లో ఫ్రౌష్టట్ వద్ద స్వీడన్ సైన్యం చేతిలో ఘోరపరాజయం చవిచూసినవాడు కూడా.

1716 జులైలో సుమారు 30,000 మంది ఒట్టోమాన్ సైనికులు ద్వీపంపై దిగారు. కోటలోని దళం అంతకంటే ఎంతో చిన్నది. అందులో జర్మన్, ఇటాలియన్, స్లావ్ జాతుల కిరాయి సైనికులున్నారు. వారికి ద్వీపవాసులు తోడుగా నిలిచారు. ఆగస్టు మూడో వారంలో శత్రువులు చేసిన పెద్ద దాడిని షూలెన్‌బర్గ్ స్వయంగా కోట వెలుపలికి వచ్చి తిప్పికొట్టాడు. ఆ వెంటనే వచ్చిన తుపాను శత్రుశిబిరాన్ని అతలాకుతలం చేసింది. అంతకుముందే ఆగస్టు 5న పెట్రోవరదిన్ వద్ద ఆస్ట్రియా సేన ఒట్టోమాన్‌లను ఓడించింది. ఈ కారణాలన్నీ కలిసి ముట్టడిదారులు వెనుదిరిగారు.

3. విగ్రహం – వెనీసు సంప్రదాయం:
వెనీసు గణతంత్రం వ్యక్తిపూజను అనుమానంగా చూసేది. తన విగ్రహాన్ని సెయింట్ మార్క్ చౌకులో నిలపాలన్న షరతుతో సేనాని కొల్లెయోనీ రాజ్యానికి ధనం రాసి 1475లో మరణించాడు. సెనేటు ధనాన్ని స్వీకరించింది గాని విగ్రహాన్ని మాత్రం మరోచోట నిలిపింది. 1687లో మోరియా విజేత మొరోసినీకి జీవించి ఉండగానే కంచు ప్రతిమ దక్కింది. అయితే అది అర్ధప్రతిమ. ఆయన వెనీసు కులీనుడు. దానిని ఉంచినది రాజభవనంలో. షూలెన్‌బర్గ్‌ది పరదేశి సేనానికి దక్కిన నిలువెత్తు పాలరాతి విగ్రహం. దీనిని శిల్పి ఆంటోనియో కొర్రాదినీ మలిచాడు. ‘ఇంకా జీవించి ఉన్న’ సేనానికి సెనేటు సమర్పిస్తున్నదని పీఠంపై లాటిన్ శాసనం పేర్కొంటున్నది. దీనికి తోడు రత్నఖచిత ఖడ్గం, జీవితకాల భృతి కూడా ఆయనకు లభించాయి.

ఈ ఔదార్యానికి కారణం విజయగర్వం కంటే అవసరమేనని చెప్పవచ్చు. మొరోసినీ గెలిచిన మోరియా అప్పటికే చేజారింది. 1718 నాటి పస్సరోవిట్జ్ సంధి ఆ నష్టాన్ని ఖాయం చేసింది. క్షీణిస్తున్న రాజ్యం తాను నిలుపుకొన్న ఒక్క ద్వీపాన్నీ ఆ విగ్రహంలో చూసుకుంది.

4. ప్రజాస్మృతి:
ప్రజలు ఈ విజయాన్ని మరోవిధంగా గుర్తుంచుకున్నారు. తుపానును రప్పించి ద్వీపాన్ని కాపాడినవాడు స్పిరిడాన్ సాధువని వారి విశ్వాసం. ఏటా ఆగస్టు 11న ఆయన పార్థివ దేహాన్ని ఊరేగిస్తారు. ముట్టడి తొలగింది కొత్త పంచాంగం ప్రకారం ఆగస్టు 22న. నాటి పాత పంచాంగానికి 11 రోజుల తేడా ఉంది. 1716లోనే వెనీసులో వివాల్డి కూర్చిన ‘జూడితా ట్రియుంఫాన్స్’ అనే సంగీతరూపకం కూడా ఈ విజయాన్ని బైబిలు కథగా మలిచింది. అందులో జూడిత్ వెనీసుకు ప్రతీక. ఆ ప్రతీకల వరుసలో షూలెన్‌బర్గ్‌కు చోటు లేదు.

5. హైదరాబాదు – రేమండ్:
హైదరాబాదు చరిత్రలో దీనికి ప్రతిబింబం వంటి ఉదాహరణ ఉంది. ఫ్రెంచి సేనాని మిషెల్ జోవాకిం రేమండ్ రెండవ నిజాం అలీఖాన్ కొలువులో వేలాది మంది సిపాయిలతో దళాన్ని తీర్చిదిద్దాడు. 1795లో ఖర్దా వద్ద నిజాం సేన మరాఠాల చేతిలో ఓడినా రేమండ్ పలుకుబడి తగ్గలేదు. ఆయన 1798 మార్చి 25న మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో కుదిరిన ఒప్పందం మేరకు అక్టోబరులో బ్రిటిష్‌వారు ఆ దళాన్ని నిరాయుధం చేశారు. ఆయన కీర్తిని మోయవలసిన సైన్యమే లేకుండా పోయింది. అయినా ముస్లింలు ఆయనను మూసా రహీం అనీ, హిందువులు మూసారాం అనీ పిలుచుకున్నారు. అస్మాన్‌గఢ్ గుట్టమీది సమాధి, స్మారకస్తంభం, మూసారాంబాగ్ అనే పేరు ఆ ఆదరానికి సాక్ష్యాలు.

6. ముగింపు:
షూలెన్‌బర్గ్‌కు రాజ్యం విగ్రహమిచ్చింది. ప్రజలు విజయాన్ని సాధువుకు అంకితం చేశారు. రేమండ్ దళాన్ని రాజకీయం రద్దు చేసింది. ప్రజలు ఆయన పేరును తమ నాలుకకు అనువుగా మార్చుకొని పేటకు పెట్టుకున్నారు. 1797లో వెనీసు గణతంత్రం అంతరించింది. ఫ్రెంచి, రష్యన్, బ్రిటిష్ ఆధిపత్యాల తరువాత 1864లో కార్ఫూ గ్రీసులో కలిసింది. విగ్రహం మాత్రం నేటికీ పాత కోట చేరువలో నిలిచి ఉంది. కనుక విగ్రహాన్ని చరిత్రకు ఆధారంగా స్వీకరించే పరిశోధకుడు అందులోని వ్యక్తి ఎవరన్న ప్రశ్నతో ఆగకూడదు. దానిని నిలిపినవారి అవసరాన్నీ, దాని చెంత ప్రజలు చెప్పుకొనే వేరొక కథనూ కలిపి చదవాలి.