లయను కొలుచు యంత్రము

సంగీతములోని వేగమును అంకెలతో చెప్పవలెనను కోరిక నేటిది కాదు. గడియారములు ఇంటింటికి రాకమునుపు చేతినాడియే కొలత. క్వాంట్జ్ అను జర్మను వేణువిద్వాంసుడు 1752లో ప్రకటించిన గ్రంథమున ఆరోగ్యవంతుని నాడి నిమిషమునకు సుమారు 80 మారులు కొట్టుకొనునని యెంచి, దానినిబట్టి రచనల వేగమును నిర్ణయించెను. అంతకు పూర్వమే, 1696లో, లూలియే అను ఫ్రెంచివాడు దారమునకు గుండు కట్టి ఊగించు సాధనమును వర్ణించియుండెను. అది మనిషికంటె ఎత్తైనది; పైగా చప్పుడు చేయనిది. 1814లో ఆమ్‌స్టర్‌డామునందు వింకెల్ చిన్న లోలకమునకు ఇరువైపుల బరువులుంచి మెల్లగా ఊగునట్లు చేయగా, మేల్‌జెల్ దానికి అంకెల పట్టిక చేర్చి, మరుసటి యేడు తన పేర పేటెంటు పొందెను. యుక్తి యొకరిది, పేరు మరియొకరిది! అదియే మెట్రొనోము. బీథోవెన్ 1817లో తన యెనిమిది సింఫనీలకు మెట్రొనోము అంకెలను ప్రకటించెను. వానిలో కొన్ని పాడుకకు మించిన వేగమును తెల్పుచున్నవని విద్వాంసులు నేటికిని వాదులాడుచునే యున్నారు.

అయినను మెట్రొనోము వేగమును విధింపగలదు గాని, పాటను విని దాని వేగము ఇంతయని చెప్పజాలదు. ఈ పని కంప్యూటరు వంతు వచ్చినది. 1994లో జపానుదేశపు గోటో, మురవోకా అనువారు డప్పులుగల పాటలలో దెబ్బలను వెంటాడు సాఫ్టువేరును వర్ణించిరి. 1998లో అమెరికాలో షైరర్ అను నతడు డప్పులు లేకున్నను, స్వరముల నెరుగకున్నను లయను పట్టవచ్చునని చూపెను.

దాని పద్ధతి వినసొంపైనది. కాంపాక్టు డిస్కులోని ధ్వని క్షణమునకు, అనగా సెకనుకు, 44,100 సంఖ్యల వరుస. సాఫ్టువేరునకు రాగము తెలియదు, సాహిత్యము తెలియదు. ధ్వని యెచ్చట హఠాత్తుగా హెచ్చినదో, మృదంగపు దెబ్బయో వీణమీటో యెచ్చట పడినదో, అది మాత్రమే గుర్తించును. ఆ గుర్తుల వరుసను దానిపైననే కొంచెము కొంచెముగా జరిపి చూచి, ఎంత యెడమున హెచ్చుతగ్గులు మరల కలిసివచ్చునో కనుగొనును. ఎడము అరసెకను అయినచో నిమిషమునకు 120 దెబ్బలు.

ఇచ్చటనే చిక్కు. అరసెకనుకు కలిసివచ్చినది ఒక సెకనుకును కలిసివచ్చును. 120 అనవలెనా, 60 అనవలెనా? 2004లో బార్సిలోనా నగరమున పరిశోధకులు ఇట్టి సాఫ్టువేరులకు పోటీ పెట్టినప్పుడు రెండు లెక్కలు వేసిరి: సరియైన వేగమునకు నూటికి నాలుగు పాళ్లలోపు వచ్చినవి యొక లెక్క; సగము, రెట్టింపు, మూడవ వంతు, మూడురెట్లు వచ్చినవానిని గూడ మన్నించినది మరియొక లెక్క. మన యిండ్లలో సరళీస్వరములు మూడుకాలములలో పాడు పిల్ల ఈ మన్నింపును చూచి నవ్వవచ్చును. రెండవకాలమున స్వరములు రెట్టింపగును గాని తాళము వేయు చేయి కదలుట మారదని ఆమె తొలినాళ్లలోనే నేర్చినది. యంత్రము స్వరములను లెక్కించును; చేతిని చూడదు. ఆలాపనను వినిపించినచో, అందు తాళమే లేకున్నను, ఏదో యొక అంకె చూపు సాఫ్టువేరులు పెక్కు. అంకె కనబడినంతమాత్రమున లయ యున్నదని నమ్మరాదు.

దగ్గర గురువు లేని కుటుంబములు పాతపాటల ఫైళ్లనే గురువుగా నుంచుకొను ఈ దినములలో ఇది చిన్న విషయము కాదు. మనదేశమున గ్రామఫోను ముద్రణ 1902లో కలకత్తాలో మొదలైనది. పది అంగుళముల పలకకు ఒక్కొక్క ప్రక్క సుమారు మూడు నిమిషములే పట్టును గనుక గాయకులు పాటను కుదించి పాడవలసివచ్చెడిది. అదిగాక తొలినాటి పలకలన్నియు 78 చుట్లతో ముద్రింపబడినవి కావు. 74 చుట్లతో ముద్రించినదానిని 78తో త్రిప్పినచో, 80గా నుండవలసిన లయ 84 దాటును. శ్రుతియు దాదాపొక స్వరస్థానము పైకెక్కును. సాఫ్టువేరు తనకు వినబడిన 84నే తప్పులేకుండ చెప్పును. పిల్ల ఆ పరుగునే అభ్యసించును. కావున పలకలను ఫైళ్లుగా మార్చువారు ఎన్ని చుట్లతో త్రిప్పిరో ఆ సంఖ్యను, శ్రుతిని ఫైలుతోగూడ వ్రాసియుంచవలెనని మా మనవి.