పటముల మీది బంగారము: దాచిన విద్య, పంచిన విద్య



నెల్లూరు మండలములోని మా గ్రామమున రామమందిరములో ఒక పట్టాభిషేక పటము కలదు. అది తంజావూరు పద్ధతిని పనసపలకపై వ్రాసినది. సీతారాముల కిరీటములును, కంఠహారములును, సింహాసనపు కంబములును పలకమీద ఉబ్బెత్తుగా లేచి బంగారురేకుతో మెఱయుచుండెడివి. నా బాల్యమున శ్రీరామనవమినాటి రాత్రి దీపము వెలిగింపగనే మొదట కనబడునది ఆ బంగారమే. స్వామి ముఖము పిదప కనబడెడిది.

కొన్నియేండ్ల క్రిందట, పటము మిక్కిలి మాసిపోయినదని తలచి, ఊరి పెద్దలము కూడి దానిని బాగుచేయింప సంకల్పించితిమి. ఆ పెద్దలలో నేనును ఒకడను. పట్టణమునుండి బంగారువన్నె రంగుడబ్బా నొకదానిని తెప్పించి, గోడలకు రంగులు వేయు పనివానిచేత కిరీటములకు పూయించితిమి. ఆ సంవత్సరము పటము క్రొత్తపెండ్లికూతురివలె వెలిగినది. మూడవయేటికి పూత నల్లబడెను.

పిమ్మట తంజావూరు పటముల పని తెలిసిన చిత్రకారు డొకడు బంధువులయింటికి మాయూరు వచ్చి, మందిరమున ఆ పటమును చూచి చాలసేపు మాటాడక నిలిచెను. తుదకు, “అయ్యా, క్రిందనున్నది మేలిబంగారము. దానికి మాయుట లేదు. దీపపుమసి పట్టియుండును. మసిని తీయవలసినచోట మీరు ఇత్తడిపొడిని పూసితిరి” అనెను. ముప్పదియైదేండ్లు బడిలో పాఠము చెప్పినవాడను. బంగారమునకు తుప్పు పట్టదని ఏటేట పిల్లలచేత వల్లె వేయించినవాడను. ఆ మాట విని తల వంచుకొంటిని.

మూడుతరములుగా మేము మ్రొక్కుచున్న పటము ఎట్లు చేయబడినదో మాయూర నొక్కనికిని తెలియకపోవుటకు కారణమేమి? ఈ విద్య మనవారు ఎఱుగనిదా? ఎఱిగియు చెప్పనిదా? నేటి ప్రసంగమున ఈ ప్రశ్ననే విచారింప దలచినాను.

ఈ విద్య గ్రంథములందు లేకపోలేదు. కల్యాణి రాజధానిగా పాలించిన చాళుక్యచక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున మానసోల్లాసమను సంస్కృతగ్రంథమును రచించెను. అభిలషితార్థచింతామణి యని దానికి నామాంతరము. రాజు తెలియదగిన నానావిషయములతో బాటు చిత్రలేఖనమును గూర్చియు అందు వివరింపబడినది. చక్రవర్తియైనవాడు జిగురు కాచు విధమునుకూడ చెప్పుటకు వెనుదీయలేదు. మహిషచర్మమును నీట నుడికించి, అది వెన్నవలె మెత్తబడిన పిదప కడ్డీలుగా చేసి యెండబెట్టవలెననియు, కావలసినపుడు వేడినీట కరగించి తెల్లమట్టితో కలిపి గోడకు పూయవలెననియు అందున్నది. దీనికి వజ్రలేపమని పేరు. తమిళమున జిగురునకు వచ్చిరమను పేరు కలదు. అది ఈ వజ్రశబ్దమే.

బంగారపుపనియు అందు కలదు. మేలిబంగారపు పలుచనిరేకులను సన్నగా తునిమి, నునుపైన రాతిపై నూరి, నీటితో పలుమారులు కడిగి మలినము తీసి, వజ్రలేపముతో కలిపి కుంచెతో పెట్టవలెను. ఆఱిన తరువాత అడవిపంది కోరతో మెల్లగా రుద్దినచో అది మెఱుపువలె మెఱయును. ఇంత విశదముగా వ్రాసిన విద్యను దాచిన విద్య యని యెట్లనగలము?

అయినను ఈ గ్రంథమును చేతబట్టుకొని నేను జిగురు కాచినచో అది జిగురగునా? కాదు. వెన్నవలె మెత్తబడుట యనగా నేమి? మాఘమాసపు వెన్న యొకతీరు, వైశాఖపు వెన్న యొకతీరు. మెల్లగా రుద్దుట యనగా ఎంత మెల్లగా? ఈ ప్రశ్నలకు గ్రంథము సమాధానము చెప్పదు. ప్రక్కన గూర్చున్న గురువు చేయి చెప్పును. కావున చిత్రవిద్యకు రెండు ఇండ్లు గలవు: ఒకటి తాళపత్రము, రెండవది చేయి. పత్రము ఒక యింట చెడినను మఱియొక యింట ప్రతి యుండవచ్చును. చేయి పోయినచో దానికి ప్రతి లేదు.

ఇక తంజావూరి కథకు వత్తము. విజయనగరపు రాజులకాలమున చిత్రకారులకు గొప్ప ఆదరణ యుండెను. అచ్యుతదేవరాయల కాలమునాటి లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పున వ్రాసిన చిత్రములు నేటికిని సాక్ష్యము పలుకుచున్నవి. 1565లో తళ్లికోట యుద్ధమున విజయనగరము కూలిన పిదప కవులును, గాయకులును, శిల్పులును దక్షిణమునందలి నాయకరాజుల యాస్థానములను ఆశ్రయించిరి. తంజావూరు నేలిన నాయకులు తెలుగువారు. రఘునాథనాయకుని కాలమునను, 1673వఱకు పాలించిన యతని కుమారుడు విజయరాఘవుని కాలమునను ఆ యాస్థానము తెలుగుసాహిత్యమునకు నిలయమైనది. తరువాత వచ్చిన మరాఠీప్రభువులును కళలను విడనాడలేదు. వారిలో 1798 మొదలు 1832 వఱకు సింహాసనమున నున్న రెండవ శరభోజి సరస్వతీమహల్ గ్రంథాలయమును పెంపొందించిన విద్యాప్రియుడు. తంజావూరు పటములు మిక్కిలి వికసించినది ఈ మరాఠీల కాలముననే. వానిని వ్రాసినవారిలో రాజులను బిరుదనామముగల తెలుగుకుటుంబములు ప్రసిద్ధములు. అరవదేశమున గూర్చుండి, మరాఠీప్రభువుల కొలువున, తెలుగు మాటాడుచు వారీ పనిచేసిరి.

ఆ పని క్రమము వినుడు. పనసపలకపై నూలుగుడ్డను చింతగింజల జిగురుతోనో, తుమ్మబంకతోనో అంటింతురు. దానిపై సుద్దపొడిని జిగురుతో కలిపి పూతమీద పూత పూసి, ఆఱినపిమ్మట నున్నని రాతితో అద్దమువలె మెఱుగు పెట్టుదురు. అటుపై రేఖలు గీయుదురు. నగలకును, కిరీటములకును, స్తంభములకును సున్నపురాతిపొడిని జిగురుతో ముద్దచేసి ఉబ్బెత్తుగా దిద్ది, నడుమనడుమ గాజురాళ్లను పొదుగుదురు. ఆ ఉబ్బెత్తుపనిపై బంగారురేకును పఱచి, సందుసందునకు అదిమి అంటింతురు. వర్ణములు వేయుట ఆ తరువాతిది. ముఖమున కనుదోయి తీర్చుట తుదిపని. సోమేశ్వరుడు చెప్పినది నూరిన బంగారము, తంజావూరివారిది రేకుబంగారము, విధము మాఱినది. కాని పునాది, జిగురు, ఓర్పు అను మూడును మాఱలేదు.

చూచువారికి బంగారమే పని యని తోచును. తెలిసినవారికి సుద్దయే పని. సుద్దలో జిగురు మిక్కుటమైనచో పూత బీటలు వాఱును. తక్కువైనచో పొడియై రాలును. ఆ పాళ్లు వానకాలమున నొకతీరు, ఎండకాలమున నొకతీరు. ఇవి తండ్రి కొడుకునకు చెప్పెడివాడు. ఇతరులకు చెప్పెడివాడు కాడు. వారిని లోభులని నిందింపరాదు. కాపునకు పొలమున్నది, కోమటికి అంగడి యున్నది. చిత్రకారుడు కొడుకున కీయగలిగిన ఆస్తి ఆ పాళ్లు మాత్రమే.

ఆ కాలముననే, ఆ సీమయందే మఱియొక విద్య మఱియొక దారి పట్టెను. తంజావూరి సమీపమున తిరువైయాఱులో త్యాగరాజస్వామి 1847లో సిద్ధిపొందువఱకు తెలుగుకీర్తనలు పాడెను. ఆయన శిష్యులు పలువురు. వాలాజాపేట, ఉమయాళ్పురము, తిల్లస్థానము అను ఊళ్ల పేర శిష్యపరంపరలు వెలసినవి. విన్నదానిని వారు వ్రాసికొనిరి, పాడిరి, మరల నేర్పిరి. కనుకనే నేడు మన పల్లెలలో హార్మొనీ ముట్టని ముసలమ్మయు త్యాగరాజకృతి నొకదానిని కూనిరాగము తీయగలదు. ఆ స్వామి పాటకు చెవియొగ్గిన పొరుగుననే పటములు వ్రాసినవారి పేళ్లు మాత్రము పటములమీద నుండుట అరుదు. వారి పాళ్లు ఇల్లు దాటుట అంతకంటె అరుదు.

1855లో మగసంతు లేక తంజావూరు రాజ్యము ఆంగ్లేయుల పాలైనది. కొలువు పోయినది. 1894లో రవివర్మ బొంబాయిలో ముద్రణాలయమును స్థాపించిన తరువాత అచ్చుపటములు ఊరూర వ్యాపించినవి. అణాలకు దేవుడు దొరకుచుండగా, నెలలతరబడి వ్రాసిన పటమును కొనువారెవరు? చిత్రకారుల బిడ్డలనేకులు వేఱువృత్తులలో ప్రవేశించిరి. కొడుకు కచేరిగుమాస్తా యైన యింట తండ్రి పాళ్లు ఎవరికి చెప్పును? ఎవరికిని చెప్పకయే పోయెను. ఇంటికి భద్రమని కట్టిన గోడయే ఆ విద్యకు సమాధి యయ్యెను.

తలుపు తెఱచినందున నిలిచిన విద్యయు మనకు కలదు. శ్రీకాళహస్తి కలంకారి యట్టిది. అందు బంగారము లేదు. కరక్కాయ, పాలు, పటిక, బెల్లముతో నానిన ఇనుము, ఇవియే సామగ్రి. ఆ పని తెలిసినవారు చేతివ్రేళ్లపై లెక్కింపదగినంతగా తగ్గియుండగా, కమలాదేవీ చట్టోపాధ్యాయ గారి పూనికచే 1957 ప్రాంతమున అచ్చట శిక్షణకేంద్ర మేర్పడెను. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు తమ యింటివిద్యను ఇతరుల బిడ్డలకు బోధించిరి. వారి కుమారులు గుఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినది. విద్యను పంచియిచ్చిన యింట విద్య తఱుగలేదు. ఈనాడు శ్రీకాళహస్తిలో స్త్రీలనేకులు ఆ కలమును పట్టుచున్నారు.

తంజావూరు పనియు నేడు తలుపు తెఱచుకొన్నది. పట్టణములలో తరగతులు నడచుచున్నవి. ఏ కులమువారైనను, ఏ వయసువారైనను నేర్చుకొనవచ్చును. 2007-08లో ఆ పటములకు భౌగోళికసూచిక యను ప్రభుత్వపు గుర్తింపును లభించినది. అయితే పంచుటలోను నష్టము లేకపోలేదు. పదిదినములలో పటము చేయింతుమను ప్రకటనలు బయలుదేఱినవి. పనసపలకకు బదులు చౌకచెక్క, మేలిరేకునకు బదులు పసుపువన్నె రేకు వచ్చినవి. దాచినవాడు విద్యను పూర్తిగా పోగొట్టెను. తొందరగా పంచినవాడు దానిని పలుచన చేసెను. ఈ రెండింటిలో నేను రెండవ తప్పునే సహింతును. పలుచనైన పాలను కాచి చిక్కబఱుపవచ్చును. ఒలికిన పాలను ఎత్తలేము.

మాయూరు వచ్చిన చిత్రకారుడును పరంపరగా వచ్చినవాడు కాడు. తరగతిలో నాలుగుమాసములు నేర్చి, అది చాలదని గ్రహించి, ఒక వృద్ధుని యొద్ద ఆఱేండ్లు సుద్ద నూరెనట. మొదటి యేడు ఆ వృద్ధు డేమియు చెప్పలేదట. రెండవయేట నూరినసుద్దను వ్రేళ్లనడుమ రుద్దిచూచి, “ఇక అడుగుము” అనెనట. గురువు పరీక్షించుట వేఱు, దాచుట వేఱని నాకప్పుడు తెలిసినది.

అతడు పదునేనుదినములు మా మందిరమున గూర్చుండి ఇత్తడిపూతను మెల్లమెల్లగా తీసెను. రామునికిరీటపు బంగారము దక్కినది. అమ్మవారి కిరీటమున మాత్రము పాతరేకు మా పూతతో గూడ ఊడివచ్చెను. దానిపై క్రొత్తరేకు పెట్టెను. పనిజరుగుచున్నంతకాలము బడివిడిచిన పిల్లలు చుట్టు మూగుచుండిరి. అతడు వారిని తోలివేయక ముగ్గురికి సుద్దయు, నూరురాయియు ఇచ్చెను. వారిలో నొక బాలిక నేటికిని సెలవులలో అతనియొద్దకు పోయి నేర్చుకొనుచున్నది.

గ్రామపెద్దలైన మీకు నా విన్నపము ఇంతియే. మీ మందిరమున పాతపట మున్నచో తడిగుడ్డతో తుడువవలదు, రంగుడబ్బాను దానిదరికి రానీయవలదు, తెలిసినవానిని పిలువుడు. పిలిచినపుడు రేకునకు మాత్రమే వెలకట్టక, సుద్ద నూరిన దినములకును కూలి యిండు. అన్నింటికంటె ముఖ్యముగా, అతడు పనిచేయునపుడు మీ పిల్లలను ప్రక్కన గూర్చుండనిండు.

మా పటమున రెండుకిరీటముల కాంతికిని కొంచెము భేదము నేటికిని కనబడును. దానిని సమముచేయుటకు అతడు సిద్ధపడెను, మేమే వలదంటిమి. మా తెలియమికి అది గుర్తుగా నుండవలెనని ఊరందఱి తీర్మానము.

స్వస్తి.