విరామమునకు వయసు కలదు

సికిందరాబాదు ఈతకొలనులో బాలికకును నడివయసు గృహిణికిని ఒకే విరామము సరిపోవునా? కొంత ఈది, ఆగి, మరల ఈదు ఈ విరామ శిక్షణకు మూలము పరుగుపందెములలో నున్నది. 1930లలో జర్మనీలోని ఫ్రైబర్గులో శిక్షకుడు గెర్ష్లర్, వైద్యుడు రైండెల్ ఒక నియమము నేర్పరచిరి: నాడి నిమిషమునకు 180కి చేరినంత ఆగి, 120 ప్రాంతమునకు దిగిన పిదప మరల పరుగెత్తవలెను. తరువాత ఈతగాండ్రును ఈ పద్ధతిని గైకొనిరి.

అయితే గుండెవేగపు పరిమితి వయసుతో తగ్గును. 50 ఏండ్ల వనితలలో పెక్కురకు 180 అందని అంకె. బాలికలో, అలసట నుండి శీఘ్రముగా తేరుకొందురు. పెద్దవారికి దీర్ఘవిరామము కావలెను. శిక్షణఫలము మాత్రము వారికిని దక్కును. 2021లో హైదరాబాదు వనిత శ్రీమతి గోలి శ్యామల నడివయసున పాక్ జలసంధిని ఈదిరి. కనుక పొరుగువారి గడియారమును చూడక, ఎవరి నాడిని వారు లెక్కించుకొనుట మేలని మేము తలంతుము.