రివైజు – సవరణ – వేజ్‌బోర్డు

ఇంగ్లీషులోని 'రివైజు' అనే క్రియకు మూలం లాటిను భాషలో ఉన్నది. మరల చూడటం దాని తొలి అర్థం. దిద్దటం అనే అర్థం తరువాత వచ్చి చేరినది. పరీక్షల ముందు మన విద్యార్థులు చేసే రివిజనులో ఆ తొలి అర్థమే నిలిచి ఉన్నది. చదివినదానినే మరల చూస్తారు, దేనినీ మార్చరు. గ్రంథకర్త రివైజు చేస్తే పుటలు మారతాయి, ప్రభుత్వం చేస్తే అంకెలు మారతాయి. ఈ రెండింటికీ మనం 'సవరణ' అంటున్నాము. జుట్టు సవరించటం, పైట సవరించటం, గొంతు సవరించుకోవటం అన్నప్పుడు చెదిరినదానిని చక్కజేయటమే ఆ మాటకు అర్థం.

గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికులు వేతన సవరణకు వాడే మాట వేరు: 'వేజ్‌బోర్డు'. బొగ్గు పరిశ్రమకు కేంద్రప్రభుత్వం 1962లో వేతన మండలిని నియమించగా, దాని సిఫారసులు 1967లో అమలుకు వచ్చాయి. ఆ పద్ధతి అంతటితో ముగిసినది. 1975 జనవరి 1 నుండి వర్తించిన తొలి జాతీయ ఒప్పందం మొదలుకొని, యాజమాన్యాలూ కార్మిక సంఘాలూ కలిసి కూర్చునే ఉమ్మడి సంఘమే జీతాలను తేలుస్తున్నది. కోల్ ఇండియాలో భాగం కాకపోయినా సింగరేణికి కూడ అవే ఒప్పందాలు వర్తిస్తాయి. పదకొండవ ఒప్పందాన్ని నేటికీ '11వ వేజ్‌బోర్డు' అనే అంటారు. జీతాలు ఇన్నిసార్లు సవరణ పొందినా, ఆ పేరు మాత్రం సవరణ పొందలేదు!

ఆ పదకొండవ ఒప్పందంపై సంతకాలు 2023 మే నెలలో జరిగాయి. అమలు తేదీ మాత్రం 2021 జులై 1. అంటే ఇక్కడ సవరణ గడచిన కాలాన్ని కూడ మరల చూస్తుంది. ఆ చూపుకు కార్మికుడి ఇంట్లో పేరు 'ఏరియర్స్'. ఇంటి అప్పులు, ఆడపిల్ల పెళ్ళి ఆ మాట మీదనే ఆధారపడి ఉంటాయి.

అయితే ఈ క్రియ అందరికీ ఒకే తీరున వర్తించదు. పనిలో ఉన్నవారి కరువు భత్యం ధరల సూచికననుసరించి మూడు నెలలకొకసారి మారుతుంది. 1998 నాటి బొగ్గు గనుల పింఛను పథకంలో అటువంటి భత్యమే లేదు. పదవీ విరమణనాడు కట్టిన లెక్క ధరలతోపాటు పెరగదు. 2024లో కనీస పింఛను నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయించారంటే, అంతకంటె తక్కువ అందుకున్నవారు ఉన్నారనే కదా అర్థం!

నిఘంటువులో రివైజుకు ఎన్ని అర్థాలైనా ఉండవచ్చు. ఆ విశ్రాంత కార్మికులు అడుగుతున్నది మాత్రం తొలి అర్థమే: తమవైపు మరల ఒకసారి చూడమని.