కంప్యూటరు ద్వారమునకు తాళము

ఇంటికి తాళము వేసినవాడు తాళపుచెవిని గడపమీదనే వదలి పోడు. కాని తొలినాటి కంప్యూటర్లలో ఇంచుమించు అట్లే జరిగినది.

1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఫెర్నాండో కార్బటో, ఆయన సహచరులు ఒకే కంప్యూటరును పలువురు ఏకకాలమున వాడుకొను పద్ధతిని ప్రదర్శించిరి. దాని పేరు సి.టి.ఎస్.ఎస్. ఎవరి ఫైళ్లు వారికే దక్కవలెను గదా! అందుకై ఒక్కొక్కరికి ఒక రహస్యపదము, అనగా పాస్‌వర్డు, ఏర్పరచిరి. అయితే ఆ పదములన్నియు ఒక ఫైలులో ఉన్నవి ఉన్నట్లే వ్రాయబడి ఉండెను. 1962లో అలన్ షెర్ అను పరిశోధక విద్యార్థి, తనకు కేటాయించిన యంత్రకాలము చాలక, ఆ ఫైలును అచ్చు వేయుమని కార్డు మూలముగా కోరి, జాబితాను సంపాదించెను. మరికొన్నేండ్లకు ఇంకొక వింత! ఒకరు స్వాగత సందేశమును, మరొకరు రహస్యపదముల జాబితాను ఒకే సమయమున సవరించుచుండగా రెండును తారుమారైనవి. యంత్రములోనికి ప్రవేశించిన ప్రతివాని ఎదుట అందరి రహస్యములును అచ్చుపడినవి.

దీనికి విరుగుడేమి? అసలు పదమును యంత్రములో దాచకుండుటయే. కేంబ్రిడ్జిలో రోజర్ నీడ్‌హామ్ 1960వ దశకములో ఈ ఉపాయము కనుగొనెను. బియ్యము విసరిన పిండి అగును. పిండిని మరల బియ్యము చేయజాలము. అట్లే రహస్యపదమును గణితముచే ‘విసరి’, ఆ పిండిని మాత్రమే దాచుదురు. వచ్చినవాడు చెప్పిన పదమును మరల విసరి పోల్చి చూతురు.

కాని ఇద్దరు ఒకే పదము ఎన్నుకొన్నచో పిండియు ఒకటే అగును. వాడుక పదములన్నిటిని ముందే విసరి ఉంచుకొన్న దొంగకు పని సులభము. 1979లో బెల్ ప్రయోగశాలలకు చెందిన రాబర్ట్ మోరిస్, కెన్ థామ్సన్ దీనికి పరిష్కారము ప్రకటించిరి. ప్రతి పదమునకు 4096 విధముల ‘ఉప్పు’లలో ఒకదానిని కలిపి విసరుటయే ఆ పద్ధతి.

ఇంటిలో భద్రమైనది దారిలో భద్రము కాలేదు. దూరపు యంత్రమును నడుపు టెల్‌నెట్ పద్ధతిలో రహస్యపదము తెరచిన కార్డువలె తీగలపై పోయెడిది. ఫిన్లాండులో టాటు యులొనెన్, తన విశ్వవిద్యాలయపు వలయములో రహస్యపదములు దొంగిలింపబడుట చూచి, 1995లో ఎస్.ఎస్.హెచ్. రూపొందించెను. ఇందులో మార్గమంతయు గుప్తలిపియే. పదమునకు బదులు జంట తాళపుచెవులును వాడవచ్చును: రహస్యమైనది యజమానివద్దనే ఉండును, బహిరంగమైనది సర్వరువద్ద ఉండును.

నేడు బ్రౌజరునుండియే సర్వరుకు ఆజ్ఞలీయవచ్చును. లోనికి వచ్చినవాని చేతికి యంత్రమే చిక్కును గనుక ఈ ద్వారమునకు కాపలా మరింత అవసరము. మార్గము గుప్తలిపిలో ఉండవలెను. ఆజ్ఞల తెర తెరచుకొనుటకు ముందే గుర్తింపు ముగియవలెను. తప్పుడు ప్రయత్నములకు హద్దు ఉండవలెను. రహస్యపదమునకు తోడు క్షణక్షణము మారు సంఖ్య వంటి రెండవ సాక్ష్యము ఉన్నచో మరియు మేలు. తాళము గట్టిదైనంతమాత్రమున చాలదు. చెవి ఎక్కడ ఉన్నదో కూడ చూచుకొనవలెను.