రాగి సెంటును చదవడం

బంగారు నాణెం వందేళ్లు మట్టిలో పడి ఉన్నా రంగు మారదు. రాగి మాత్రం గాలిలోని తేమనూ వేళ్ల చెమటనూ దాచిన పెట్టెలోని ఉప్పదనాన్నీ తన ఒంటిమీదే నిలుపుకుంటుంది. ఫిలడెల్ఫియా టంకశాల 1793 నుంచి 1857 వరకు, రాగి బిళ్లలు కరువైన 1815ను మినహాయించి, ఏటా ముద్రించిన పెద్ద సెంట్లను సేకరించేవారు సంవత్సరంతో పాటు నాణెం ఒంటినీ అంత శ్రద్ధగా చూడడానికి కారణం ఇదే.

1792 ఏప్రిల్ 2 నాటి నాణేల చట్టం డాలరులో నూరోవంతైన సెంటుకు 264 గ్రెయిన్ల, అంటే దాదాపు 17 గ్రాముల రాగిని నిర్ణయించింది. అంత బరువు వాడకానికి అనువు కాదనిపించి, పాతిక సెంటు విలువైన చిన్న రాగి బిళ్ల నడుమ ముప్పాతిక సెంటు విలువైన వెండి ముక్కను దిగ్గొట్టి, రెండూ కలిపి ముద్రించి చూశారు. ఆ ప్రయోగం గురించి థామస్ జెఫర్సన్ అదే ఏడాది డిసెంబరులో అధ్యక్షుడు వాషింగ్టన్‌కు లేఖ రాశాడు. చలామణికి ముందు పరిశీలన కోసం కొట్టే ఇలాంటి వాటినే నమూనా నాణేలంటారు. ఆ ఆలోచనను పక్కనపెట్టి 1793 జనవరిలో సెంటు బరువునే 208 గ్రెయిన్లకు తగ్గించారు గనుక, మిగిలిన ఆ కొద్ది వెండిబొట్టు సెంట్లు ఒక దేశం తన డబ్బు గురించి మనసు మార్చుకున్న ఘట్టానికి ప్రత్యక్ష సాక్ష్యాలు. వాటి అసలు విలువ ఈ సాక్ష్యంలోనే ఉంది, అరుదుదనం ఆ తర్వాతి మాట.

ఆ రోజుల్లో ముద్రించే ఉక్కు అచ్చులను చేతితోనే చెక్కేవారు కాబట్టి, ఒక్క ఏడాది సెంట్లలోనే అక్షరాల ఎడం, ఆకుల వరుస, అచ్చు పగిలిన గీత వేరువేరుగా కనిపిస్తాయి. 1793 నాటి మొదటి సెంటు వెనుక వైపు పదిహేను రాష్ట్రాలకు గుర్తుగా పదిహేను లంకెల గొలుసు ఉంది. తొలి అచ్చులో దేశం పేరు పూర్తిగా పట్టక ‘అమెరి’ దగ్గరే ఆగింది. స్వేచ్ఛను చాటే నాణెం మీద సంకెళ్లేమిటని విమర్శ రావడంతో కొద్ది వారాల్లోనే గొలుసు స్థానంలో ఆకుల దండ వచ్చింది. 1794 నాటి ఒక రకంలోనైతే అంచు పళ్ల నడుమ 94 అతిచిన్న నక్షత్రాలున్నాయి. బాగా అరిగిన ప్రతిలో అవి లీలగానైనా కనిపించవు కనుక, ఆ రకంలో అరుగుదలను అంచనా వేయడమంటే దాదాపుగా నక్షత్రాలను వెదకడమే.

అంచనాకు అంకెలు పెట్టినవాడు మనస్తత్వవేత్త విలియం షెల్డన్. 1949లో వెలువడిన తన పుస్తకంలో, గుర్తుపట్టడానికి మాత్రమే వీలైన సెంటుకు 1, టంకశాల నుంచి అప్పుడే వచ్చినట్టున్న దానికి 70 అని ఆయన నిర్ణయించాడు. మొదటిది ఒక డాలరుకు అమ్ముడైతే చివరిది డెబ్బై డాలర్లు పలుకుతుందన్నది ఆనాటి లెక్క. ఆ ధరలు త్వరలోనే తారుమారైనా అంకెలు మాత్రం స్థిరపడి, 1970వ దశకం నుంచి ఇతర లోహాల నాణేలకూ వ్యాపించాయి. రాగి సేకర్తలు వాటితో తృప్తిపడలేదు: వారు ముందు చిత్రం ఎంత మిగిలిందో చూసి, ఆ తర్వాత చిలుము తిన్న గుంటలకూ గీతలకూ దెబ్బలకూ కొంత తగ్గిస్తారు. చిత్రాన్నిబట్టి 40కి తగిన సెంటు పచ్చటి చిలుము వల్ల 20కి దిగిపోవచ్చు. ఇక చింతపండుతో తోమిన రాగి చెంబు ఇంటికి అందమే గానీ, అలా తోమిన సెంటు గులాబీ రంగుకు తిరిగి, శతాబ్దాలుగా ఏర్పడిన గోధుమ వన్నె పోగొట్టుకుంటుంది. దాన్ని తిరిగి తెచ్చే ఉపాయం లేదు.

ఈ చూపే చివరకు షెల్డన్‌ను పట్టిచ్చింది. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సేకరణలోని మేలైన సెంట్లను తీసుకుని, వాటి చోట అదే రకానికి చెందిన నాసిరకం నాణేలను ఆయన ఉంచాడని 1977లో ఆయన మరణించిన తరువాత తేలింది. రకం ఒకటే కావడంతో పట్టికలో తేడా కనబడలేదు; పాత ఛాయాచిత్రాలను పక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం గీతకు గీత, మచ్చకు మచ్చ సరిపోలలేదు.